నాలుగో కవరు

ఎగువ ఊరు పురపాలక సంఘం,
మేడ మీద కొత్త గది,
సోమవారం.

రసీదుగారికి అక్క రాసేది,

ఇక్కడ నా మోకాళ్లు తప్ప అందరం క్షేమం. రెండు వారాలకోసారి వచ్చే దాన్ని, ఈ శనివారం కూడా రాలేనని చెప్పడానికే ఈ ఉత్తరం. ఇది నాలుగోసారి అని నువ్వు లెక్క చెబుతావని తెలుసు. బస్సు మెట్లు ఎక్కాలంటే ప్రాణం మీదికి వస్తోంది. ఫోన్ చేద్దామంటే, ఫోన్లో చెప్పిన మాటకి రసీదు ఉండదని నీది ఒకటే పాట. చిన్నప్పుడు పెన్సిల్ ఇస్తూ నాతో చీటీ రాయించుకున్న దానివి, ఆ పేరు ఊరికే రాలేదు. ఎనిమిది కిలోమీటర్లకి రెండు రోజులు తీసుకునే తపాలాని ఈ కాలంలో మనిద్దరమే పోషిస్తున్నాం.

విశేషం ఏమిటంటే మా ప్లాను పాసయింది. రాబోయే ఇరవై ఏళ్లలో మా ఊళ్లో ఎక్కడ ఇళ్లు, ఎక్కడ బడి, ఎక్కడ ఖాళీ జాగా అన్నీ తేల్చిన ప్లాను. మూడేళ్లు నడుం వంచి నేను రంగులు వేసిన మ్యాపుని కౌన్సిల్ హాల్లో ఛైర్మన్ కుర్చీ వెనక గోడకి తగిలించారు. ఇళ్లకి పసుపు, బళ్లకి ఎరుపు, నీళ్లకి నీలం. మీ ఊరి హద్దునున్న నలభై ఎకరాల పల్లం కూడా ఇప్పుడు పసుపే. నన్ను ప్లానింగ్ ఆఫీసర్ని చేసి ఈ గది ఇచ్చారు. దీనికి తలుపుంది, తలుపుకి గడియ కూడా ఉంది. ఇరవై ఆరేళ్లు మ్యాపుల గదిలో పదిమంది మోచేతుల మధ్య పనిచేసిన దాన్ని, తలుపు మూసుకుని ఏం చేయాలో తోచడం లేదు.

పాప కాలు ఎలా ఉంది? ఆపరేషన్ అయి రెండున్నర నెలలు దాటింది కదా, కర్ర వదిలేసిందా?

ఇంకో మాట. మా ప్లాను గురించి మీ ఆఫీసులో ఎవరైనా ఏమైనా అనుకుంటున్నారా? పొరుగు ఊరికి నోటీసిచ్చి అరవై రోజులు ఆగాలని రూలు. ఆలోగా జవాబు రాకపోతే వాళ్లు ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అని లోకం అంటుంది, మా చట్టంలో అది పూర్తి అంగీకారం. మీ వైపు నుంచి మాటేమీ రాలేదు. ఊరికే అడిగాను.

మరిదిగారిని అడిగానని చెప్పు.

మీ అక్క


దిగువ ఊరు పురపాలక సంఘం,
కిటికీ పక్కన తపాలా బల్ల,
శుక్రవారం.

అక్కా,

ఇకనుంచి ఆఫీసరమ్మగారూ అనాలేమో, ఒక్కసారికి అలవాటు పడనీ. చాలా సంతోషంగా ఉంది. మీ మరిది వినగానే "మీ అక్కకి గది ఇచ్చారు, నీకు కనీసం కుర్చీకి నాలుగో కాలు వేయించమను" అన్నారు. నా కుర్చీ సంగతి నీకు తెలుసు, ఇంకా ఇటుక మీదే ఉంది.

పాప కర్ర వదిలేసింది. వదిలేసిన కర్రతో ఇంట్లో అందరినీ అదిలిస్తోంది. పెద్దమ్మ ఎందుకు రావడం లేదని రోజూ అడుగుతోంది. మోకాళ్ల నొప్పి అంటే నమ్మడం లేదు. "పెద్దమ్మకి నొప్పొస్తే నాకు ఫోన్ చేసి ఏడుస్తుంది, చెయ్యలేదంటే నొప్పి లేదు" అంటోంది.

నువ్వు అడిగిన సంగతి. నిన్న మా ఇంజినీరు ప్యాంటు మోకాళ్ల దాకా బురదతో నా బల్ల దగ్గరికి వచ్చాడు. పల్లంలో లారీలు మట్టి పోస్తున్నాయట, లెక్కపెడితే పొద్దుటి నుంచి అరవై దాకా వచ్చాయట. "మీ అక్కగారి ఊళ్లో ఏం జరుగుతోందమ్మా, మనకి నోటీసు రావాలి కదా" అన్నాడు. "వస్తే నా చేతి మీదుగానే రావాలి సార్, రాలేదు" అని ధీమాగా చెప్పాను.

ఆయన నిలబడే నాకు పాఠం చెప్పాడు. వానాకాలంలో మీ మెరకల మీది నీళ్లన్నీ వచ్చి ఆ పల్లంలో వారం పది రోజులు పడుకుంటాయి, తర్వాత మెల్లగా లేచి మా కాలవలోకి దిగుతాయి. పల్లం పూడిస్తే వాటికి పడుకునే చోటుండదు, తిన్నగా మా వీధుల్లోకి వచ్చేస్తాయి. నోటీసు వచ్చి ఉంటే ఒక్క పేజీలో ఈ మాట రాసి ఆపేవాణ్ణి అన్నాడు. ఆ మనిషికి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

మీ వాళ్లు నోటీసు ఎప్పుడు పంపారు, ఎవరితో పంపారు, ఒకసారి చూసి చెప్పు. ఎక్కడో పొరపాటు జరిగుంటుంది.

నీ రసీదు


ఎగువ ఊరు పురపాలక సంఘం,
ప్లానింగ్ ఆఫీసర్ గది,
మంగళవారం.

చెల్లికి,

నీ ఉత్తరం అందింది. రికార్డు చూశాను. నోటీసు పంపాము. మామూలుగా మన రెండు ఆఫీసుల తపాలా పద్నాలుగేళ్లుగా నా చేతి సంచిలోనే వస్తోంది కదా, ఇదీ అలాగే వచ్చింది. పాప ఆపరేషన్ రోజు శనివారం ఉదయం ఆసుపత్రి వరండాలో నీకు ఇచ్చినట్టు మా డెలివరీ పుస్తకంలో ఉంది. ఆ రోజు నాలుగు కవర్లు. నాలుగు వరుసల్లోనూ నీ సంతకం ఉంది. నోటీసు నాలుగో వరుస.

ఆ హడావిడిలో ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటావు. ఎవరికైనా జరుగుతుంది. మీ ఇంజినీరుగారికి ఆ మాట చెప్పు.

అరవై రోజుల గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి మా వైపు చేయగలిగిందేమీ లేదు.

అక్క


దిగువ ఊరు, ఇల్లు,
ఆదివారం.

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అది మీ కమిషనర్ రాశాడేమో అనుకున్నాను.

ఇరవై రెండేళ్లలో నా బల్ల మీద ఒక్క కాగితం పోలేదు. ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కించందే కవరు చింపను. అలాంటిది నా కూతురి ఆపరేషన్ రోజున ఊరి నోటీసు పోగొట్టాను. ఈ నాలుగు రోజులూ ఇల్లంతా తిరగేశాం. మీ మరిది బీరువా వెనక చెయ్యి పెట్టి గోరు ఊడగొట్టుకున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్లిన సంచులు, దుప్పట్లు, పాప ఎక్స్‌రేల కవరు అన్నీ దులిపాను. ఆసుపత్రికి కూడా వెళ్లి వరండాలో ఊడ్చే ఆవిడని అడిగాను. మూడు నెలల నాటి కాగితం కోసం వచ్చానంటే పాపం నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

ఆ రోజు ఎంత గుర్తు తెచ్చుకున్నా ఇంతే వస్తోంది. పాపని లోపలికి తీసుకెళ్లారు. నువ్వు వచ్చావు. నీ చేతిలో సంచి, భుజానికి ఆ పొడుగాటి మ్యాపుల గొట్టం. నా పక్కన కూర్చుని నా మోకాళ్ల మీద డెలివరీ పుస్తకం తెరిచావు. నా సంతకం వంకరటింకరగా పోతుంటే "నీ సంతకం ఇవాళ డాక్టర్ సంతకంలా ఉంది" అని నవ్వించావు. పెట్టేశాను. ఎన్ని వరుసలో చూడలేదు. ఊళ్లో అందరి దగ్గరా లెక్కబెట్టి తీసుకునే దాన్ని, నీ దగ్గర ఎప్పుడూ లెక్కబెట్టలేదు. మూడు కవర్లు గుర్తున్నాయి. సోమవారం ఆ మూడే రిజిస్టర్‌లో ఎక్కించాను. నాలుగోది ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అది చిన్న కవరా, పెద్దదా, ఏ రంగు? చెబితే వెతకడానికి తేలిగ్గా ఉంటుంది.

నువ్వు ఇచ్చానంటే ఇచ్చినట్టే. నేనే ఇంజినీరు దగ్గరికి వెళ్లి పోగొట్టానని చెప్పాను. అరగంట తర్వాత మెమో వచ్చింది. ఎంక్వైరీ వేస్తారట, సంజాయిషీ సరిగ్గా లేకపోతే ఉద్యోగం పోతుందట. ఆ మెమోని కూడా నేనే రిజిస్టర్‌లో ఎక్కించుకుని, నాకు నేనే ఇచ్చుకుని, నేనే సంతకం పెట్టుకున్నాను. చెబితే మీ మరిది నవ్వారు.

ఉద్యోగం సంగతి పక్కన పెట్టు. ఆ లారీల చప్పుడు మా వీధి దాకా వినిపిస్తోంది. అది విన్నప్పుడల్లా ఒక్కో లారీ నా వల్లే అనిపిస్తోంది.

నీ చెల్లి


ఎగువ ఊరు పురపాలక సంఘం,
మేడ మీద గది,
శనివారం.

నా చిట్టితల్లికి,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. రాయడానికి కూర్చోవడం, లేవడం, ఇదే పని. నాకు అన్నం సహించడం లేదు. మీ బావ డాక్టర్ దగ్గరికి వెళ్దాం అంటున్నారు.

నువ్వు అంతగా బాధపడకు. మూడు నెలల కిందటి కాగితానికి ఇంత రాద్ధాంతం ఏమిటి? మీ కమిషనర్‌తో మా కమిషనర్ చేత ఒక మాట చెప్పిస్తాను. ఇన్నేళ్ల సర్వీసు చూడకుండా ఎవరూ ఉద్యోగం తీసేయరు. పాప ఆపరేషన్ అని చెబితే అందరికీ అర్థమవుతుంది. మీ వాళ్లు కాలవని కాస్త వెడల్పు చేసుకుంటే నీళ్ల సమస్య కూడా పెద్దగా ఉండదనుకుంటాను.

వెతకడం మాత్రం ఆపు. ఎంత వెతికినా అది దొరకదు. ఇల్లు తిరగేసి మరిదిగారి గోళ్లు ఊడగొట్టకు. పోయిన కాగితం పోయింది అనుకో.

పాపకి రంగు పెన్సిళ్లు పార్సెల్లో పంపుతున్నాను, నలభై ఎనిమిది రంగులు. నేను మ్యాపులకి వాడే రకమే. బొమ్మలు వేసి నాకు పంపమను.

నేను రాలేకపోతున్నందుకు ఏమీ అనుకోకు. ఈ మోకాళ్లు కాస్త తగ్గనీ.

అక్క


దిగువ ఊరు, ఇల్లు, మేడ మెట్ల మీద నుంచి,
గురువారం.

అక్కా,

మూడు వారాలు దాటింది రాసి. రాయాలనిపించలేదు. ఇప్పుడు రాయకపోతే కుదరదు కాబట్టి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను, కింద కూర్చోవడానికి లేదు.

మంగళవారం పొద్దున వాన పట్టింది. ఏటా చూసే వానే, పెద్దదేమీ కాదు. ఆరింటికి మొదలై ఎనిమిదింటికి తగ్గింది. తగ్గాక అందరం ఊపిరి పీల్చుకుని పనుల్లో పడ్డాం. తొమ్మిదింటికి ఎండ కూడా వచ్చింది. ఆ ఎండలో, చుక్క వాన లేకుండా, వీధి చివర నుంచి నీళ్లు వచ్చాయి. పల్లం పూడ్చిన ఎర్రమట్టి నీళ్లు. మొదట చీలమండ దాకా, పదింటికి మోకాలి దాకా. మీ మరిది పాపని భుజాన వేసుకుని మేడ మీదికి ఎక్కారు. ఇప్పుడిప్పుడే నడుస్తున్న కాలు తడవకూడదని డాక్టర్ చెప్పలేదు గానీ, అదేదో తడిస్తే విరిగిపోతుందన్నట్టు మోశారు.

మూల మీది ప్రెస్సులో పెళ్లి కార్డుల కట్టలన్నీ ముద్దయిపోయాయి. ఎదురింటి ముసలాయన మంచం మీద కూర్చునే ఉన్నాడు, చుట్టూ నీళ్లు. దిగమంటే "దిగడానికి నేల ఏదమ్మా" అన్నాడు. పక్కింటి కుట్టుమిషను ఆవిడ నీకు తెలుసు, పాప గౌన్లన్నీ కుట్టింది. ఆవిడ మిషను మోటారుతో సహా మునిగింది. దాని మీదే ముగ్గురు బతుకుతున్నారు. నీళ్లు తగ్గాక నేను వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఏం చెప్పాలో తెలియక నా వల్లే అన్నాను. ఊరంతా విన్నదేగా. ఆవిడ తిడుతుందనుకున్నాను. మిషను చక్రంలోంచి మట్టి తీస్తూ, తల ఎత్తకుండా, "నువ్వు పారేసిన కాగితం ఎంత పెద్దదమ్మా?" అని అడిగింది. అదే నిన్నూ అడిగాను, నువ్వు చెప్పలేదు.

వచ్చే బుధవారం ఎంక్వైరీ. కాగితం నాకు అందింది, నా నిర్లక్ష్యం వల్ల పోయింది అని రాసిచ్చేస్తున్నాను. సంతకం నాది కదా. రాసిస్తే ఉద్యోగం పోవడం ఖాయమని హెడ్‌క్లర్క్ చెప్పాడు. పోనీ. కనీసం ఆ వీధిలో తలెత్తుకుని, నేనే చేశాను అని చెప్పుకోవచ్చు. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇంకా మట్టి పోస్తూనే ఉన్నారు. వానాకాలం ఇంకా రెండు నెలలుంది.

నీ చెల్లి


ఎగువ ఊరు పురపాలక సంఘం,
మ్యాపుల గది, నా పాత బల్ల,
శనివారం.

చెల్లీ,

రాసివ్వకు. ఏమీ రాసివ్వకు. ముందు ఈ గొట్టం విప్పు.

ఈ ఉత్తరంతో పాటు రిజిస్టర్ పోస్టులో ఒక మ్యాపుల గొట్టం వస్తుంది. అందులో పెద్ద కవరు ఉంటుంది. దాని మీద మీ ఆఫీసు చిరునామా నా చేతిరాత. అంటించింది అంటించినట్టే ఉంది. అదే నాలుగో కవరు. నేను నీకు ఇవ్వలేదు.

ఇది మీ ఇంజినీరుకి, మీ కమిషనర్‌కి, ఎవరికి కావాలంటే వాళ్లకి చూపించు. చూపించడానికి వీలుగా జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆ కవర్లో నోటీసుతో పాటు హద్దు దగ్గరి మ్యాపు ఉంది. మడతపడితే రంగు పగులుతుందని సంచిలో పెట్టకుండా గొట్టంలో పెట్టాను. వరండాలో సంచిలోంచి మూడు కవర్లు తీసి ఇచ్చాను. నాలుగు వరుసల్లో సంతకం పెట్టించాను. గొట్టం విప్పబోతుంటే డాక్టర్ తలుపు తీసి నిన్ను పిలిచింది. నువ్వు పరిగెత్తావు. పాప బాగుందని నువ్వు బయటికొచ్చి చెప్పాక ఇద్దరం ఏడ్చాం. నేను గొట్టం భుజాన వేసుకుని బస్సెక్కేశాను. అంతవరకు అది మరుపు. ఆ మరుపుని నువ్వు క్షమిస్తావు, ఎవరైనా క్షమిస్తారు.

నలభయ్యో రోజు, గురువారం, ఛైర్మన్ పాత మ్యాపు ఒకటి అడిగితే ఆ గొట్టం తీశాను. మ్యాపుతో పాటు కవరు చేతిలోకి వచ్చింది. ఇంకా ఇరవై రోజుల గడువుంది. ఆ సాయంత్రం బస్సెక్కితే ముప్పావు గంటలో నీ చేతిలో పెట్టేదాన్ని. నేను దాన్ని మళ్లీ గొట్టంలో పెట్టి, గొట్టాన్ని బీరువా పైకి తోశాను.

ఎందుకో చెబుతాను. ఆ పల్లానికి నేను మొదట వేసిన రంగు నీలం. నీళ్లు నిలిచే చోటని నాకు తెలుసు, నేనే వానలో గొడుగు వేసుకుని వెళ్లి కొలిచాను. ఛైర్మన్ దాని మీద వేలు పెట్టి "ఇక్కడ ఇళ్లు రావాలమ్మా" అన్నాడు. కాదనలేదు. చెరిపి పసుపు వేశాను. మీ ఊరు అభ్యంతరం రాస్తుంది, ఆగిపోతుంది, నేను నోరు విప్పనక్కర్లేదు అనుకున్నాను. నేను చెప్పాల్సిన మాట మీ చేత చెప్పిద్దామనుకున్నాను. కానీ కవరు దొరికే నాటికి ప్లానింగ్ ఆఫీసర్ పోస్టు నాకే అని ఛైర్మన్ మాటిచ్చి రెండు రోజులైంది. గడువు తీరగానే ప్లాను పాసవ్వాలి అన్నాడు. మీ అభ్యంతరం వస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఇరవై ఆరేళ్లు, చెల్లీ. నా తర్వాత చేరిన ముగ్గురు నా మీద ఆఫీసర్లయ్యారు. ఒక తలుపున్న గది కోసం తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

దానికి రెండు రోజులకే నీ దగ్గరికి రావలసిన శనివారం. అప్పటి నుంచే మోకాళ్ల నొప్పి. నా మోకాళ్లు దివ్యంగా ఉన్నాయి. రోజూ మేడ మెట్లు ఎక్కి ఆ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను.

ఇదంతా ఒక ఎత్తు, మంగళవారం నాడు నీకు రాసిన ఉత్తరం ఒక ఎత్తు. కొత్త గదికి నాతోపాటే తెచ్చుకున్న ఆ కవరు నా తల మీది బీరువా పైన ఉంది, దాని కింద కూర్చుని "ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటావు" అని రాశాను. ఒక్క అక్షరం కూడా కొట్టేయలేదు. నువ్వు ఆసుపత్రిలో ఊడ్చే ఆవిడని అడిగావని చదివి కూడా పెన్సిళ్లు పంపాను. అది నేనేనా అని నాకే తెలియడం లేదు, కానీ నేనే.

ఇవాళ పొద్దున నీ ఉత్తరం చదివి కౌన్సిల్ హాల్లోకి వెళ్లి నా మ్యాపు ముందు నిలబడ్డాను. మన మ్యాపుల్లో హద్దు దాటితే రంగుండదు, తెల్ల కాగితమే. అవతలిది మన పని కాదు కదా. నీ ఇల్లు, పాప బడి, ఆ మిషను ఆవిడ గుమ్మం, అన్నీ ఆ తెల్లలో ఉన్నాయి. మూడేళ్లు దాని మీద మోచెయ్యి ఆనించుకుని పల్లానికి రంగు వేశాను.

కాగితం ఎంత పెద్దదని ఆవిడ అడిగిందిగా. రెండు అడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు.

ఈ ఉత్తరం నకలు మా కమిషనర్‌కి ఇచ్చాను. గది తాళం బల్ల మీద పెట్టి కిందికి వచ్చేశాను. నన్ను ఉంచుతారో తీసేస్తారో తెలియదు. మీ బావకి చెప్పాను. ఆయన "ముందు మీ చెల్లికి రాశావా" అని మాత్రం అడిగారు.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. నీ ఉద్యోగం పోకూడదు. ఆ మట్టి ఆగాలి. ఈ రెండూ జరిగితే నన్ను ఏమన్నా అను.

అక్క


దిగువ ఊరు పురపాలక సంఘం,
తపాలా బల్ల,
సోమవారం.

అక్కా,

గొట్టం పదకొండింటికి వచ్చింది. పోస్ట్‌మాన్ ఎదుటే విప్పాను. కవరు నా బల్ల సగం ఆక్రమించింది. ముందు దాన్ని అలాగే పట్టుకుని మా పక్కింటికి వెళ్లి మిషను ఆవిడకి చూపించాను. ఆవిడ కొలతల టేపు తీసి కొలిచింది. నువ్వు రాసినంతే ఉంది. "ఇంత పెద్దది నువ్వెలా పోగొడతావమ్మా, నాకు అప్పుడే అనుమానం" అంది. అప్పుడు ఏడ్చాను, ఆవిడ గుమ్మంలో.

ఇంజినీరు మీ మ్యాపుని, మా మ్యాపుని ఒకే బల్ల మీద పరిచి హద్దు దగ్గర కలిపాడు. కాలవ అతకలేదు. మీ మ్యాపులో ఒకచోట ఆగుతుంది, మా మ్యాపులో జానెడు అవతల మొదలవుతుంది. ఇన్నేళ్లూ ఎవరూ రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదట. నోటీసు ఇవాళే అందింది కాబట్టి అరవై రోజులు ఇవాళ్టి నుంచే మొదలు, అప్పటిదాకా ప్లాను చెల్లదు, పల్లంలో ఒక్క తట్ట మట్టి పడకూడదు అని మధ్యాహ్నానికి మీ కమిషనర్‌కి ఉత్తరం వెళ్లింది. నాలుగింటికి లారీల చప్పుడు ఆగింది. బుధవారం ఎంక్వైరీ లేదు. బదులుగా రెండు ఊళ్ల వాళ్లూ కూర్చుని ఒకే మ్యాపు గీయాలని మా కమిషనర్ అడుగుతున్నాడు. పల్లాన్ని వానలో కొలిచిన మనిషి రావాలని ఇంజినీరు పట్టుబట్టాడు. మీ వాళ్లు నిన్ను ఉంచినా తీసేసినా పిలుస్తానన్నాడు. నీ ఉత్తరం ఫైల్లోకి వెళ్లింది. వద్దనడానికి నాకు హక్కు లేదు, వెళ్లాల్సిందే కూడా.

ఇప్పుడు నా సంగతి. నువ్వు క్షమించమని అడగలేదు, మంచి పని చేశావు. ఇవాళ అడిగితే ఇవ్వలేను. కానీ నేను నీకంటే గొప్పదాన్నేం కాదు.

"ఎంత వెతికినా అది దొరకదు" అని రాశావు గుర్తుందా, పెన్సిళ్ల ఉత్తరంలో. వస్తువు పోతే ఎవరైనా దొరుకుతుందిలే అంటారు. దొరకదని గట్టిగా చెప్పగలిగేది అది తన దగ్గరున్న మనిషే. అది చదివిన సోమవారమే నాకు తెలిసిపోయింది. నీ మోకాళ్లు ఏ శనివారం నుంచి నొప్పెడుతున్నాయో కూడా లెక్కేశాను. వెంటనే ఇంజినీరుకి చెప్పొచ్చు. బస్సెక్కి నీ గది తలుపు కొట్టొచ్చు. చెప్పలేదు, రాలేదు. అక్క తనంతట తాను చెప్పాలి, అంతవరకు నేను నోరు విప్పను అని పంతం పట్టాను. రోజూ పోస్ట్‌మాన్ కోసం చూశాను. అలా చూస్తుండగా వాన పడింది. నేను ఆ సోమవారమే మాట్లాడి ఉంటే రెండు వారాల ముందే మట్టి ఆగేది, ఆ మిషను మునిగేది కాదు. రాసిచ్చేస్తున్నానని నీకు రాశాను చూడు, అదీ నిన్ను కదిలించడానికే. ఆవిడ గుమ్మంలో నా వల్లే అన్నది మాత్రం నిజమే.

శనివారం రా. మోకాళ్ల నొప్పి లేదని తెలిసిపోయింది కాబట్టి వేరే సాకు వెతుక్కోకు. పాప నీకోసం ఒక బొమ్మ వేసింది, నలభై ఎనిమిది రంగులూ వాడి, తెల్ల కాగితం ఎక్కడా కనపడకుండా. నేను నీతో సరిగా మాట్లాడతానో లేదో తెలియదు. వచ్చి కూర్చో.

కవరుకి రసీదు దీనితోనే పెడుతున్నాను. రిజిస్టర్‌లో రాసింది రాసినట్టు.

నీ చెల్లి


రసీదు

ఎగువ ఊరు పురపాలక సంఘం వారి నోటీసు, మ్యాపుతో సహా, ఒక కవరు.
అందిన విధం: రిజిస్టర్ పోస్టు.
అందిన సమయం: ఈ రోజు, సోమవారం, ఉదయం పదకొండు గంటలు.
రిమార్కులు: పంపినవారి ఆలస్యం నూట ఇరవై ఒక్క రోజులు. అందుకున్నవారి ఆలస్యం ఇరవై ఒక్క రోజులు.
సంతకం: లెక్క చూసుకుని పెట్టినది.